దీంట్లో కొత్తవి తీయొద్దు

మా స్టీలు సామాన్ల అంగడిలో విమానం వస్తున్న సంగతి మనుషుల కంటే ముందు పళ్లాలకు తెలుస్తుంది. పై అరలో బోర్లించిన పళ్లాలు సన్నగా వణుకుతాయి. తర్వాత శబ్దం వస్తుంది. ఆ తర్వాత హిందూపురం బజారంతా రోడ్డు మీదికొచ్చి నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. రెండేళ్లకోసారి యలహంక దగ్గర విమానాల ప్రదర్శన జరిగే ముందు రోజుల్లో అవి సాధన చేసుకుంటూ మా ఊరి మీదిదాకా వచ్చి మళ్లుతుంటాయి.

మొన్నా అంతే. బజారంతా శబ్దం వైపు చూస్తోంది. నేనొక్కణ్ణే దానికి చాలా ముందు, ఏమీ లేని ఆకాశంలోకి చూస్తున్నాను.

"యాడ చూస్తాండావప్పా? అవి ఈడ మొరుగుతాండాయి" అన్నాడు పక్క కిరాణా అంగడాయన.

నేను చూస్తున్న చోటే రెండు మెరిసి మాయమయ్యాయి. ఆయనకు మాత్రం శబ్దం తప్ప ఏమీ దక్కలేదు.

ఈ విద్య నాకు నేర్పినాయన పోయిన శ్రావణంలో ధర్మవరంలో కాలం చేశాడు. "శబ్దమున్నచోట విమానముండదప్పా, ఆడినుంచి ఎప్పుడో పోయింటాది" అనేవాడు. కబురు తెలిసి కూడా నేను ఆ ఇంటికి పోలేదు. శ్రావణం పెళ్లిళ్ల సీజను, అంగడి వదిలితే ఎట్లా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు.

ఆయన ఫొటోగ్రాఫరు. మా తమ్ముడి పెళ్లికి మనిషి కావాలని ఎనిమిదేళ్ల కిందట ధర్మవరం పోయాను. హిందూపురంలో ఫొటోగ్రాఫర్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లకు నా సంగతి తెలుసు. నేను గడప తొక్కగానే, ఎట్లాగూ తగ్గిస్తానని రేటు పెంచి చెప్తారు.

మగ్గాల సందులో ఒక గది ఆయన స్టూడియో. అటు ఇంట్లో మగ్గం, ఇటు ఇంట్లో మగ్గం, నడుమ గోడలు కూడా దబ్ దబ్ మంటున్నాయి. పట్టుచీరలకు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మనిషి గోడ మీద ఒక్క పెళ్లికూతురు లేదు. అన్నీ ఎగిరే విమానాలే.

"ఇవి యాడ కొన్నావన్నా?"

"కొనలేదు. తీసినా."

ఒకదాంట్లో ముందు పంకా ఉన్న చిన్న విమానం గీసినట్టు స్పష్టంగా ఉంది. అదే బాగుందన్నాను. ఆయన ముఖం చిట్లించాడు.

"అదొక్కటే చెడిపోయిండేది. పంకా రెక్క చూడు, ఆగిపోయింది. దారం కట్టి యాలాడదీసినట్లు లేదా? బుద్ధి రావాలని గోడకేసుకున్నా."

ఆయన బాధేమిటో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కెమెరా కన్ను చప్పున తెరిచి మూస్తే పంకా ఫొటోలో ఆగిపోతుంది. నిదానంగా మూస్తే పంకా గుండ్రంగా తిరిగినట్టు పడుతుంది, కానీ విమానం కూడా చెదిరిపోతుంది. చెదరకుండా ఉండాలంటే తీసేవాడి నడుము విమానంతో సరిసమానంగా తిరగాలి, ఒక వెంట్రుక ముందూ కాకుండా, వెనకా కాకుండా. పంకా పూర్తి చక్రంలా తిరుగుతూ, లోపల పైలట్ తల మాత్రం చెదరకుండా ఉన్న ఒక్క ఫొటో కోసం ఆయన ప్రతి ప్రదర్శనకూ పోతున్నాడు. అది ఇంకా పడలేదు.

"మా నాయన మగ్గం కాడ కూచోబెట్టుకుంటాండె. నాడె ఇట్ల పోతాది, అట్ల వస్తాది. కన్ను నాడెతోపాటు పోవల్లప్పా, నాడె ఎనకాల కాదు" అని, పోగు మోసుకుని పరుగెత్తే ఆ చెక్కముక్కను గాల్లో వేలితో చూపించాడు. చూపిస్తుంటే నడుము దానంతటదే తిరిగింది. కెమెరాకు కట్టుకున్న పటకా కూడా తోలుది కాదు, పాత పట్టుచీర అంచు.

ఇక బేరం. ఆయన ఒక మాట చెప్పాడు. నేను మా వంశపు ఆయుధం తీశాను, అంటే లేచాను. అంగడి నుంచి లేచిపోవడం మాకు ఒక కళ. నిదానంగా చెప్పులు వేసుకోవాలి, వెనక్కి చూడకూడదు, పది అడుగులు నడవాలి. అయిదుకూ ఎనిమిదికీ మధ్య వెనక నుంచి పిలుపు వస్తుంది. ఎక్కాల కంటే ముందు మా నాయన నాకు నేర్పింది ఇది.

పది అడుగులయ్యాయి. ఇరవై అయ్యాయి. సందు చివర టీ తాగాను. పిలుపు లేదు. గొడుగు మర్చిపోయానని వెనక్కి వచ్చాను. ధర్మవరంలో, మాఘమాసంలో, గొడుగు.

ఆయన అద్దం తుడుచుకుంటున్నాడు.

"పిలుస్తావనుకున్నా" అన్నాను సిగ్గు విడిచి.

"పోయేటోళ్లను పిలవడం నాకు రాదప్పా."

ఆ మాటకు నేను ఓడిపోవాల్సింది. కానీ పెళ్లి తేదీ చెప్పగానే ఆయన ముఖం మారింది. ముహూర్తం ప్రదర్శనకు సరిగ్గా ముందు రోజు, పెనుకొండలో. అంత బరువు సామాను మోసుకుని రాత్రికి రాత్రి రైలు పట్టుకోవాలి. నాకు తాళంచెవి దొరికింది. నా కారులో యలహంక తీసుకుపోతానన్నాను. దానికి బదులుగా వీడియో వద్దన్నాను, రెండో మనిషి వద్దన్నాను, ఆయన అడిగిన కొత్త మెమరీ కార్డు కూడా కొనివ్వనన్నాను. ఆయన దగ్గర మంచిది ఒక్కటే ఉంది, మిగతావి మొరాయిస్తున్నాయి.

"పెళ్లికి సగం చాలు గదన్నా. మిగతా సగంలో నీ విమానాలు తీసుకో. సగం సంచి ఖాళీగా ఎందుకు పోవల్ల?"

"పెళ్లి తీసిన కార్డులో ఇంగోటి కలపగూడదప్పా."

"ఏం, మైల పడుతుందా?"

నవ్వి ఒప్పుకున్నాడు. నేను గెలిచానని ఉబ్బిపోతూ ఇంటికొచ్చాను.

కల్యాణమండపంలో వెలుతురు చూసుకోవాలని అంటే ఆయనతో పెనుకొండ పోయాను. చూసుకుని, హైవే పక్కన ఆపమన్నాడు. పెద్ద కటకం బిగించి, గట్టు మీద నిలబడి, పోయే లారీలతోపాటు నడుము తిప్పడం మొదలుపెట్టాడు. లారీవాళ్లు ఆయన్ని వేగం పట్టే పోలీసనుకుని బ్రేకులు వేస్తున్నారు. ఒకడైతే దిగి, బెల్టు సర్దుకుని, దండం పెట్టాడు.

"స్లో చెయ్యొద్దు నాయనా! పో, పో, నీకు పుణ్యముంటాది!" అని అరుస్తున్నాడు ఈయన.

వాడు లైసెన్సు తీసి చూపించాడు.

పెళ్లిలో మాత్రం ఆయన్ని చూసి నోరు మూసుకున్నాను. ఏది జరుగుతోందో అక్కడ ఉండేవాడు కాదు, ఏది జరగబోతోందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. మా అవ్వ నాలుగేళ్లుగా మంచం దిగలేదు. కుర్చీలో కూచోబెట్టి మోసుకొచ్చాం. అందరూ తాళి వైపు తోసుకుంటుంటే ఆయన ఒక్క క్షణం వెనక్కి తిరిగాడు. అవ్వ అక్షింతలు విసిరింది, సగం అరచేతికే అంటుకున్నాయి, అది చూసుకుని బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు రాకముందే ఈయన కెమెరా అటు తిరిగి ఉంది. మళ్లీ తాళి ముడికి అందుకున్నాడు. బంధువుల ఫోన్లలో ఆ ముహూర్తమంతా ఆయన వీపే పడింది. కాబట్టి మా ఇంటి పెళ్లి అంటూ ఉన్నదల్లా ఆయన కెమెరాలో ఉన్న ఆ ఒక్క కార్డులోనే ఉంది.

మరునాడు తెల్లవారకముందే బయలుదేరాం. ధర్మవరం పోయి ఫొటోలు కంప్యూటరుకు ఎక్కించుకునే టైము లేదు. ఆయన నీళ్లు ముట్టలేదు. ప్రదర్శన రోజు తాగడట, ఒంటికి పోయేలోపు ఏదైనా ఎగిరిపోతుందని.

"లోపలికి పోదామప్పా. టికెట్టు నేను తీసుకుంటా" అన్నాడు యలహంక దగ్గర.

"ఆకాశానికి టికెట్టేందన్నా?"

నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను. వాయుసేన స్థావరం కంచెకు ఇవతల, కడుతున్న మేడ ఒకటి. ఆ ఇల్లాలికి మా అంగడి నుంచి నాలుగు గిన్నెల క్యారియరు ఇచ్చి మిద్దె మాట్లాడుకున్నాను. మెట్ల దగ్గర గోడకు చిన్న బోర్డు ఉంది, కన్నడంలో. ఆయనకు కన్నడం మాట వస్తుంది, అక్షరం రాదు. హిందూపురంలో పెరిగిన నాకు రెండూ వచ్చు.

"ఏం రాసిండారప్పా?"

కెమెరాలు నిషేధం, తీస్తే స్వాధీనం చేసుకుంటాం అని రాసుంది.

"ఇల్లు అమ్మకానికుందంట" అన్నాను.

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పది గంటల నుంచి జెట్లు వచ్చాయి. నాకు చెవులు పగిలిపోతున్నాయి. ఆయన వాటిని తీశాడు గానీ మనసు పెట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక, దూరంగా కుట్టుమిషను లాంటి చప్పుడు. పాతకాలపు పసుపు విమానం, ముందు ఒకే పంకా. ఆయన కాళ్లు ఎడంగా పెట్టాడు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాడు. పెదాలు కదులుతున్నాయి, దూడను పిలిచినట్టు, "రా నాయనా... రారారా... రా..."

అది మా ముందు నుంచి పోయింది. ఆయన నడుము దానితోపాటు పోయింది. కటకం కదిలినట్టు లేదు, మిద్దే తిరిగినట్టు ఉంది.

కెమెరా వెనక అద్దంలో చూసుకున్నాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఒకచోట ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. కెమెరా నా చేతిలో పెట్టాడు.

నేను దేన్నైనా చూడగానే రేటు కట్టే రకం. దానికి కట్టలేకపోయాను. విమానం ముక్కు దగ్గర పంకా లేదు, వెలుగుతో చేసిన పళ్లెం ఉంది. దాని వెనక పైలట్ తల, తోలు టోపీ, ఆ టోపీ కుట్టు కూడా కనిపిస్తోంది.

"పడిందన్నా!"

"ఊ" అన్నాడు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు.

ముగ్గురు. ముందున్న ఎస్సై పెద్ద కటకాన్ని చూసి, మమ్మల్ని చూసి, నెమ్మదిగా అడిగాడు. "బోర్డు ఓద్లిల్వా?" చదవలేదా అని. మెట్ల కింది బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

ఆయన ఆ చెయ్యి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్కసారే. మళ్లీ ఎస్సై వైపు తిరిగి, "తప్పయింది సార్, నాకు సదువు రాదు" అన్నాడు.

ఎస్సైకి తెలుగు కొంత వచ్చు. రెండే దారులన్నాడు. కెమెరాతో సహా స్టేషనుకు రావాలి, లేదంటే ఇక్కడే కార్డు మొత్తం తుడిచేసి దిగిపోవాలి. కార్డు మొత్తం అంటే మా తమ్ముడి పెళ్లి మొత్తం. కొత్త వియ్యాలవారి ముఖాలు వరసగా కనిపించాయి.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. మొదలుపెట్టాను. కన్నడంలో, తెలుగులో, చేతులతో. మదువె, పెళ్లి ఫొటోలు సార్, నిన్ననే అయింది, ఒక్క ప్రతి లేదు. ఎస్సై నమ్మలేదు. కెమెరా తీసుకుని వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. విమానాలు, విమానాలు, తర్వాత మంటపం, తాళి, తలంబ్రాలు. ఒకచోట ఆగాడు.

"ఈ అజ్జి యారు?"

"మా అవ్వ సార్. నాలుగేండ్లకు నిన్ననే బయటికొచ్చింది."

ఎస్సై కొంచెంసేపు అద్దంలోకే చూశాడు. సిమెంటు మూట మీద కూచున్నాడు. విమానం ఫొటోలు ఒక్కొక్కటీ తన ముందే తుడవాలన్నాడు. పెళ్లి ఉంచుకోవచ్చు. అయిపోయాక తను చూస్తాడు, ఒక్క విమానం మిగిలినా మొత్తం పోతుంది.

నా జన్మలో అంత మంచి బేరం ఆడలేదు. అట్లాగే అనుకున్నాను, ఆ క్షణంలో.

ఆయన గోడకు ఆనుకుని మొదలుపెట్టాడు, చివర తీసిన దగ్గర నుంచి వెనక్కి. ఒకసారి నొక్కితే అడుగుతుంది, రెండోసారి నొక్కితే పోతుంది. అడిగేచోట రెండు మాటలుంటాయి, ఇదొక్కటి, అన్నీ. రెండూ ఒకదాని కింద ఒకటి. వేలు జారితే పెళ్లి లేదు. ఎండకు అద్దం సరిగా కనబడటం లేదు. నేను నా చొక్కా అడ్డం పట్టుకుని నిలబడ్డాను. నొక్కు, నొక్కు. నొక్కు, నొక్కు.

వెలుగు పళ్లెం వచ్చింది.

వేలు ఆగింది.

"దాటిపో అన్నా" అన్నాను గొంతు తగ్గించి. "ఒక్కటే గదా. నేనాయప్పను మాటల్లో పెడతా."

"చూస్తాడప్పా."

"ఇన్నిట్లో యాడ చూస్తాడు? నువ్వు దాటిపో."

ఆయన జవాబు కోసం ఆగలేదు నేను. తిరిగి ఎస్సై దగ్గరకు పోయి ఏ ఊరు సార్, పిల్లలెంతమంది సార్ అని అల్లుకోవడం మొదలుపెట్టాను. ఆయన ఊరు తుమకూరు వైపట. అత్తగారిది మడకశిర పక్క పల్లెట. మా అంగడి పేరు చెప్పాను, గిన్నెలు కావాలంటే రమ్మన్నాను. నవ్వించాను కూడా. అంత బాగా కుదిరింది. తిరిగి చూస్తే గోడ దగ్గర ఆయన వేలు ఎప్పటి లయలోనే కదులుతోంది. నొక్కు, నొక్కు. అద్దంలో జెట్లున్నాయి.

"దాటినావా?"

తల అడ్డంగా ఊపాడు.

ఎస్సై తర్వాత కెమెరా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా, ఒక్కటి వదలకుండా, బొటనవేలితో తిప్పి చూశాడు. ఒక్కటి మిగిలి ఉంటే మా అవ్వ ఆ మిద్దె మీదే పోయేది.

కెమెరా తిరిగిస్తూ అన్నాడు. "మీవాళ్లు ఇంటికి పోయి కంప్యూటర్ల మళ్లీ తీస్తారు. నాకు గొత్తు, అంతా తెలుసు."

"తీయను సార్" అన్నాడు ఆయన.

ఎస్సై భుజాలెగరేసి దిగిపోయాడు.

కారులోంచి పెనుకొండ గుట్టలు కనిపించాయి. నేనే ఉండబట్టలేక మొదలుపెట్టాను. తుడిచిన ఫొటో కార్డులోంచి వెంటనే పోదని, దాని చోట కొత్తది పడేదాకా అడుగున ఉంటుందని, బెంగళూరులో దాన్ని పైకి తీసే అంగళ్లున్నాయని.

"తెలుసు" అన్నాడు.

"మరింగేం? తీయిద్దాం!"

"ఆయప్పకు చెప్పినా గదా, తీయనని."

"ఆయప్పకు నీ పేరు గూడ తెలీదన్నా! మళ్ల అడగడానికి వస్తాడా?"

"రాడు. అందుకే."

బోర్డు సంగతి ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ ఎత్తలేదు. పెళ్లి ఫొటోలు వారానికల్లా ఇచ్చాడు. ఉగాదికి అవ్వ పోయింది. అక్షింతలు అంటుకున్న చేయి, ఆ బోసినవ్వు మా ఇంట్లో గోడ మీద ఉన్నాయి. నేను అన్నం తినే చోటికి ఎదురుగా.

తర్వాత జరిగిన ప్రదర్శనలకు ఆయన టికెట్టు తీసుకుని లోపలికి పోయాడు. వచ్చాక నేను ఫోను చేసేవాణ్ణి. "పడిందా అన్నా?" "యాడప్పా! రెక్క ఆగిపోయింది." ఇంకోసారి, "రెక్క తిరిగింది, ఇమానం చెదిరిపోయింది." ఆ తర్వాత కంట్లో పొర వచ్చిందన్నాడు. నేను ఫోను చేయడం తగ్గించాను.

మొన్న పళ్లాలు వణికిన మరునాడు ధర్మవరం పోయాను. ఆయన భార్య, వదిన, తలుపు తీసింది. స్టూడియో గోడ మీద ఆగిపోయిన పంకా విమానం అట్లాగే ఉంది. కూచోమని, లోపలి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చింది.

"మీదేదో ఉండాదప్పా దీంట్లో. ఎవురినీ ముట్టనీలే. నన్ను తుడవనీలే. కొత్తది కొనుక్కోను దుడ్లు లేనప్పుడు గూడ దీన్ని కెమెరాలో ఎయ్యలే."

పట్టుచీర అంచు ముక్కలో చుట్టిన కార్డు. దాని మీద అంటించిన చీటీ, ఆయన చేతిరాత. పెళ్లి, పెనుకొండ. దాని కింద, దీంట్లో కొత్తవి తీయొద్దు.

"మీ ఇంటి పెండ్లంటే ఎంత బద్రంగా పెట్టినాడో చూడు" అంది వదిన.

పెళ్లి ఫొటోలన్నీ ఎనిమిదేళ్ల కిందటే మాకు ఇచ్చేశాడు. ఆ కార్డులో కాపాడాల్సిన పెళ్లి ఏమీ లేదు. వదినకు ఆ మాట చెప్పలేదు. "అవును వదినా" అన్నాను. తీసుకుపొమ్మంది, తీసుకున్నాను.

ఆ మరునాడు బెంగళూరు పోయాను. ఫోన్లు బాగుచేసే సందులో ఒక కుర్రాడు కార్డు పెట్టి చూశాడు. పైన కొత్తవేవీ పడలేదు సార్, అన్నీ అట్లే ఉండొచ్చు, అన్నాడు. వాడికి తెలుగు బాగా వచ్చు. ఎంత అని అడిగాను. చెప్పాడు. నోరు దానంతటదే సగం అంది. కుదరదన్నాడు. కార్డు తీసుకుని, చీర ముక్కలో చుట్టి, జేబులో పెట్టుకున్నాను. నిదానంగా చెప్పులు వేసుకున్నాను. నడిచాను.

ఒకటి, రెండు, మూడు. అయిదు దాటాక, లెక్క ప్రకారమే, వెనక నుంచి వినిపించింది.

"సార్! రండి సార్, మీరు చెప్పిందే ఇవ్వండి!"

కాళ్లు అలవాటు కొద్దీ ఆగబోయాయి. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. వాడు ఇంకోసారి పిలిచాడు, ఈసారి ఇంకొంచెం తగ్గించి.

నేను సందు చివరిదాకా పోయి, బస్టాండు వైపు తిరిగాను.